అక్క పడుకున్న వైపు నుంచి

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా అక్క కూతురు హన్మకొండలో ఒక టీవీల దుకాణంలో నిలబడి నాకు ఫోన్ చేసింది. కొత్త టీవీ కొందామని స్టేషన్ ఘన్‌పూర్ నుంచి భార్యాభర్తలిద్దరూ వచ్చారట, షాపతను ఏవో మూడు నాలుగు రకాలు చూపించి పేర్లు చెబుతున్నాడట, అన్నీ ఇంగ్లిషు అక్షరాలే, ఏది దేనికంటే మంచిదో తెలియడం లేదట. నువ్వు చదువుకున్నదానివి కదా చిన్నమ్మా, ఏది తీసుకోమంటవు అని అడిగింది. ఏదైనా ఒకటే బిడ్డా, మీకు నచ్చింది తీసుకోండి అని చెప్పి పెట్టేశాను. ఆ జవాబు దానికి నచ్చి ఉండదు. కానీ ఏ టీవీ కొనాలో ఇంకొకరికి చెప్పే ఓపిక ఇప్పుడు నాకు లేదు. మా ఇంట్లో ఆ పని ఒకసారి జరిగింది, దానికోసం పడవలసిన శ్రమంతా అప్పుడే పడ్డాం.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. వెనుక పెద్ద డొప్ప ఉండి ఇద్దరు ముగ్గురు పట్టుకుంటే తప్ప కదలని డబ్బా టీవీలు పోయి, పలకల్లాంటి టీవీలు వచ్చిన కొత్తలో వాటిలో రెండు జాతులు ఉండేవి. ఒకటి ప్లాస్మా, ఒకటి ఎల్‌సీడీ. ఆ మాటలకు అర్థం అమ్మేవాళ్లకూ సరిగా తెలియదు, కొనేవాళ్లకూ తెలియదు. అయినా టీ హోటళ్లలో, పెళ్లి భోజనాల దగ్గర, మా బడి స్టాఫ్ రూములో ఏది మంచిదన్న వాదన నడుస్తూనే ఉండేది. ప్లాస్మాలో నలుపు నల్లగా కనిపిస్తుందనీ, కానీ వేడెక్కుతుందనీ కరెంటు ఎక్కువ తాగుతుందనీ ఒకరు, ఎల్‌సీడీ పట్టపగలు కూడా తేటగా కనిపిస్తుందనీ, కానీ పక్కకు జరిగి చూస్తే బొమ్మ వెలిసిపోతుందనీ ఇంకొకరు. ఆ వాదించినవాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ వాదనా లేదు. ప్లాస్మా అంటే ఈనాటి పిల్లలు రక్తానికి సంబంధించిన మాట అనుకుంటారు.

మా అక్క ఇల్లు వరంగల్‌లో ఒక పాత వాడలో ఉండేది. మిల్లు నడిచిన రోజుల్లో మిల్లులో పనిచేసేవాళ్లు కట్టుకున్న ఇళ్లు అవి, ఒక గది వెనుక ఒక గది, ముందిల్లు, నడిమిల్లు, ఆ వెనుక వంట. మా బావ ఆ మిల్లులో నేత పని చేశాడు. మిల్లు మూతపడ్డాక ఆయన ఒక బట్టల దుకాణంలో కుదిరాడు, అక్క బీడీలు చేయడం మొదలుపెట్టింది. నాకు పెళ్లయిన కొన్నేళ్లకే నా భర్త పోతే అక్క నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. వంటింటి పక్కన ఉన్న చిన్న గదిలో ఉంటూ నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చేదాన్ని.

మధ్యాహ్నం అన్నాలు అయ్యాక వాడలోని ఆడవాళ్లు తమ తమ చాటలు పట్టుకుని అక్క ముందింట్లోకి వచ్చేవాళ్లు. చాటలో నానబెట్టిన తునికాకు, తంబాకు, కత్తెర, దారం ఉండేవి. వీధి దర్వాజ బార్లా తెరిచి, వెలుతురు పడేచోట గోడల పొడుగునా కూర్చుని ఆకు కత్తిరించేవాళ్లు, చుట్టేవాళ్లు, కొస మడిచి దారం కట్టేవాళ్లు. కత్తిరించేటప్పుడు మాత్రమే కళ్లు ఆకు మీద ఉండాలి, చుట్టేటప్పుడు వేళ్లు తమంతట తామే పనిచేస్తాయి. అందుకని కళ్లు టీవీ మీద, నోరు పక్కామె మీద ఉండేవి. మా ఇంట్లో చిన్న డబ్బా టీవీ ఉండేది. సీరియల్‌లోని అత్తను అందరూ కలిసి తిట్టేవాళ్లు. ఆ కూటమికి పెద్ద దిక్కు మా అక్క. ఆమె తరువాత మా పక్కింటి ఖాలమ్మ. ఆమె అక్కకంటే కొద్దిగా పెద్దది, వాడంతా ఆమెను ఖాలమ్మ అనే పిలిచేది. ఎవరి ఇంట్లో ఏం జరిగినా మొదట ఆమె నోట విని, తరువాత మా అక్క నోట తీర్పు వినేవాళ్లు.

ఒక వర్షాకాలం అక్క పెరట్లో నాచు మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఆపరేషన్ చేశారు, కానీ షుగరు ఉండడం వల్ల ఎముక సరిగా అతకలేదు. కుడివైపు ఒత్తిగిలి పడుకోవాలి తప్ప కూర్చోవడానికి వీల్లేదన్నారు. అప్పటి నుంచి బావ పొద్దున పూట మాత్రమే దుకాణానికి పోయి, మధ్యాహ్నాలు ఆమె దగ్గరే ఉండేవాడు. నడిమింట్లో ఒక మూలకు మంచం వేశాం. ముందింట్లో వేస్తే నలుగురి మధ్య ఉంటావు కదా అని నేనూ బావా ఎంతో చెప్పి చూశాం. ఆమె వినలేదు.

"మనిషిని దెచ్చి ముందటింట్ల పండవెట్టిండ్లంటె ఇగ లేపుకపోవుడే మిగిలిందన్నట్టు. నేనింక పోలే. నడిమింట్లనే ఉంట" అన్నది.

మంచం అక్కడే ఉంచాం. కానీ నడిమింట్లో ఆ మూల నుంచి వీధి దర్వాజ కనిపించదు. రెండు గదుల మధ్య ద్వారంలోంచి ఏటవాలుగా చూస్తే ముందింటి పక్కగోడ మాత్రం ఒక ముక్క కనిపిస్తుంది. ఆడవాళ్లు వచ్చి ముందింట్లో కూర్చునేవాళ్లు, వాళ్ల మాటలు అక్కకు వినిపించేవి, మనుషులు కనిపించేవాళ్లు కాదు. డబ్బా టీవీని అక్క వైపు తిప్పితే వాళ్లకు కనిపించదు, వాళ్ల వైపు తిప్పితే అక్కకు కనిపించదు. వాళ్లు ఏదో చూసి నవ్వితే, ఏమైందే, ఏమైందే అని ఈమె లోపలి నుంచి అడిగేది. మొదట్లో అందరూ చెప్పేవాళ్లు. కొన్నాళ్లకు ఖాలమ్మ ఒక్కతే చెప్పేది. ఆ తరువాత అక్క అడగడం మానేసింది. తిండి తగ్గింది. మాట తగ్గింది. గోడవైపు తిరగడానికి వీల్లేదు కాబట్టి కళ్లు మూసుకుని పడుకునేది. మందులు మింగుతూనే ఆమె మాకు దూరమవుతున్నదని నాకూ తెలుసు, బావకూ తెలుసు.

ఆ ఏడు మేడారం జాతర వచ్చింది. జ్ఞానం వచ్చిన దగ్గర నుంచి అక్క ఒక్క జాతర కూడా మానలేదు. ఈసారి పోలేనని ఆమె అనలేదు, మేమూ అనలేదు. జాతర దగ్గర పడుతుండగా ఒక పొద్దున బావ లేచి, పెద్ద టీవీ తెద్దామని చెప్పాడు. ఆ పక్కగోడకు పెడితే ముందింట్లో కూర్చున్నవాళ్లకూ కనిపిస్తుంది, మంచం మీద ఉన్న అక్కకూ కనిపిస్తుంది, అందరూ ఒకే బొమ్మ చూస్తారు, జాతరలో సమ్మక్క తల్లి గద్దె మీదికి రావడం కూడా అక్క చూస్తుంది. ఆయన ఆలోచన అంతే. అంతకంటే మంచి ఆలోచన నాకూ తోచలేదు.

మా బావకు ఏదైనా దారంతో కొలవడం అలవాటు. మిల్లు పని నుంచి వచ్చిన అలవాటు అది, తలుపుకు తెర కొనాలన్నా దారమే, పిల్లకు లంగా కుట్టించాలన్నా దారమే. అక్క చాటలోంచి బీడీలు కట్టే దారం తీసుకుని, ఆమె దిండు దగ్గర నుంచి నడిమి ద్వారం దాకా ఒక ముడి, అక్కడి నుంచి ముందింటి గోడ దాకా ఒక ముడి వేశాడు. మంచం ఎత్తు ఇంకో దారం. అక్క కళ్లు తెరిచి, ఏం కొలుస్తున్నావని అడిగితే, నీకు పట్టుచీర అన్నాడు. గింత పొడుగు చీర ఏనుగుకు కడ్తరు అని ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది.

హన్మకొండ చౌరస్తా దాటాక ఉన్న ఒక పెద్ద దుకాణానికి ఇద్దరం పోయాం. అక్కడ ఎల్‌సీడీలు బయట ట్యూబ్‌లైట్ల కింద వరుసగా ఉన్నాయి. ప్లాస్మాలను లోపల తెరలు దించిన ఒక చీకటి గదిలో పెట్టారు. అమ్మే అతను నడివయసువాడు, మర్యాదస్తుడు, ఎన్ని ఇంచుల టీవీ చూపించాలని అడిగాడు.

"ఇంచులు నాకెందుకు తమ్మీ" అన్నాడు బావ. "మా ఇంటామె యాడికెల్లి సూత్తదో గది సూపిత్త. నువ్వు జర గీ కొస పట్టుకో."

అతను ఏమీ అర్థం కాకుండానే దారం కొస పట్టుకున్నాడు. బావ ముడి నుంచి ముడికి ఏటవాలుగా నడిచి, అట్టపెట్టెలు రెండు తెచ్చి మంచం ఎత్తుకు సరిచూసి, వాటి మీద భుజం మీది తువ్వాల పరిచి, కుడివైపు ఒత్తిగిలి, చెయ్యి తల కింద పెట్టుకుని, ఎల్‌సీడీకి ఎదురుగా పడుకున్నాడు. ఎదురుగా అనకూడదు, పక్కగా. దుకాణంలో ఉన్నవాళ్లందరూ ఆగి చూశారు. ఎవరో నవ్వారు. నేను పక్కన నిలబడి ఉన్నాను, నాకు నవ్వు రాలేదు. ఇంట్లో అక్క పడుకున్నట్టే, అదే మడత కాలితో, ఆయన పడుకుని ఉన్నాడు.

"కాకా, పండుకొని టీవీ ఎవలు కొంటరే? అందరు నిలవడి సూసి కొంటరు" అన్నాడు అమ్మే అతను.

"పండుకున్నోళ్లకె టీవీ గావాలె తమ్మీ. నిలవడ్డోళ్లకు పనుంటది."

ఎల్‌సీడీలో మనుషులు సున్నం పూసుకున్నట్టు ఉన్నారని చెప్పి లేచి, చీకటి గదిలోకి పోయి ప్లాస్మా ముందు మళ్లీ అట్లే పడుకున్నాడు. ఈసారి చాలాసేపు లేవలేదు. ఎటునుంచి చూసినా మనిషి మనిషిలాగే ఉన్నాడని అన్నాడు. అమ్మే అతను మంచివాడు కాబట్టి ఇంకో మాట చెప్పాడు. దీనికి అద్దం ఉంటుందనీ, పగటిపూట వెలుతురు పడితే బొమ్మ కనిపించదు, మన ముఖమే కనిపిస్తుందనీ చెప్పాడు.

"దర్వాజ మూసుకుంటం" అన్నాడు బావ. ఆయన అన్నీ కొలిచాడు, దర్వాజ ఒక్కటి కొలవలేదు. నాకూ తట్టలేదు.

జాతర నాటికి టీవీ వచ్చింది. సమ్మక్కను గుట్ట మీది నుంచి తెచ్చే సాయంత్రం, జాతరకు పోలేకపోయిన ముసలివాళ్లు, బాలింతలు, మా ఇంటి నిండా కూర్చున్నారు. బయట మసక పడింది. ఏ మూల కూర్చున్నవాళ్లకైనా బొమ్మ ఒకేలా ఉంది. గుట్ట దగ్గర అమ్మకు స్వాగతంగా పోలీసులు గాలిలోకి తుపాకులు పేల్చగానే అక్క మంచం మీదనే చేతులు జోడించింది. ఖాలమ్మ నడిమి ద్వారం దగ్గర కూర్చుని అక్కనూ టీవీనీ మార్చి మార్చి చూసింది. అందరూ బావను మెచ్చుకున్నారు. ఆయన ఆ రాత్రి ఎక్కువ అన్నం తిన్నాడు.

మరునాటి మధ్యాహ్నం ఆడవాళ్లు చాటలతో వచ్చి కూర్చున్నారు. దర్వాజ తెరిచి ఉంది. టీవీ పెడితే అందులో దర్వాజ వెలుతురు, దాని ముందు వీళ్ల తలలు, ఆ తలల వెనుక ఎక్కడో సీరియల్ మనుషులు.

"ఏందే, గీ టీవీల నేనే కనవడ్తాన" అన్నది ఖాలమ్మ. "తమ్మీ, అత్త వేషం నాకే ఇచ్చిండ్లా ఏంది?"

అందరూ నవ్వారు. బావ లేచి దర్వాజ మూశాడు, కిటికీకి దుప్పటి కట్టాడు. బొమ్మ బాగా వచ్చింది. కానీ చీకట్లో ఆకు కత్తిరించడానికి రాదు. ఆకు కొలత తప్పితే బీడీ వంకర పోతుంది, వంకర బీడీలను కంపెనీవాళ్లు పక్కన పారేస్తారు. ఒకామె లేచి ఇంట్లో పాలు పొంగుతున్నాయన్నది. ఇంకొకామెకు పిల్లవాడు గుర్తొచ్చాడు. ఎవరూ తప్పు మాట అనలేదు. అక్క సుఖంగా చూడనీ, మనం అడ్డమెందుకని మరునాటి నుంచి ఎదురింటి సాయమానులో, వసారా వెలుతురులో, కూర్చోవడం మొదలుపెట్టారు. ఖాలమ్మ ఒక్కతే వచ్చి నడిమి ద్వారం దగ్గర కాసేపు నిలబడి పోయేది. ముందింట్లో ఎవరూ లేరు. నడిమింట్లో అక్క, చీకట్లో పెద్ద టీవీ, దాని ముందు ఖాళీ చాప. గది వేడెక్కేది. నేను బడి నుంచి వచ్చేసరికి బావ, చూస్తున్నది, బాగా చూస్తున్నది అని చెప్పేవాడు. అక్క చూస్తున్నదో లేదో నాకు తెలిసేది కాదు. ఖాలమ్మ ఎందుకు కూర్చోవడం లేదని అక్క ఒకసారి మాత్రం అడిగింది.

అప్పట్లో మధ్యాహ్నాలు కరెంటు పోయేది. కరెంటు పోగానే బావ విసుక్కుంటూ గాలికోసం దర్వాజ తెరిచేవాడు. సెలవు రోజుల్లో ఇంట్లో ఉన్నప్పుడు, ఆ సమయంలో అక్క ముఖం తేటపడడం నేను గమనించాను. ఉక్క తగ్గినందుకని అనుకున్నాను. కరెంటు రాగానే బావ పరుగున పోయి టీవీ పెట్టి దర్వాజ మూసేవాడు.

ఈ పద్ధతి సాగదని చివరికి బావకే తోచింది. దుకాణానికి పోయి మాట్లాడి వచ్చాడు. పెట్టె, థర్మాకోల్ జాగ్రత్తగా తెస్తే మార్చి ఎల్‌సీడీ ఇస్తామన్నారట. అక్కకు బొమ్మలో మనుషుల ముఖాల మీద కొద్దిగా సున్నం కనిపించినా సరే, ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు కదా అని నాతో అన్నాడు. ఆ మాట అనడానికి ఆయన ఎంత తగ్గవలసి వచ్చిందో నాకు తెలుసు. సెలవు రోజు చూసి ఆటో పిలిచాం. దర్వాజ బార్లా తెరిచి, టీవీ బందు చేసి, అట్టపెట్టెను గడప దగ్గర పెట్టి, వెనుక వైర్లు తీయడానికి బావ వంగాడు. అప్పుడు లోపలి నుంచి అక్క పిలిచింది.

"ఖాలమ్మ వత్తాంది. ఆ డబ్బ జర అడ్డం తియ్యుండ్రి, కాళ్లకు తట్టుకుంటది."

నేను దర్వాజ వైపు చూశాను. ఎవరూ లేరు. పెట్టె జరిపేలోగా ఖాలమ్మ చాట చంకలో పెట్టుకుని గడప ఎక్కింది.

"నీకెట్ల తెలిసిందే?" అన్నాడు బావ.

"కనవడ్తాంది గదా."

"యాడ?"

"టీవీల."

"టీవీ బందున్నది."

"బందుంటెనే కనవడ్తది. నువ్వు పెడితె పోతాంది" అన్నది అక్క.

నేను పోయి ఆమె దిండు పక్కన తల ఆనించి, ఆమె చూసినట్టు చూశాను. నల్లటి అద్దంలో మా వీధి దర్వాజ ఉంది. గడప, గడప మీద ఖాలమ్మ, ఆమె వెనుక వాడ, నల్లా, నల్లా కింద బిందె, ఎదురింటి సాయమానులో ముగ్గురు ఆడవాళ్లు, వాళ్ల చాటలు, తొందర పెట్టకుండా వీపు గోక్కుంటూ నిలబడ్డ ఆటో అతను. కుడి ఎడమలు మారి ఉన్నాయి, అంతే. రంగు కూడా తెలుస్తున్నది. ఏటవాలుగా ఇటునుంచి చూస్తే అటువైపు ఉన్నది కనిపించడం సహజమే, బడిలో పిల్లలు కూడా చదువుకునే సంగతే. కానీ ఆ మంచం మీద పడుకుంటే తప్ప అది ఎవరికీ కనిపించదు. బావ దుకాణంలో పడుకున్నది చీకటి గదిలో. అక్కడ అద్దంలో కనిపించడానికి ఏమీ లేదు.

ఎన్నాళ్ల నుంచి చూస్తున్నావని నేను అడిగితే, మొదటిసారి కరెంటు పోయినప్పటి నుంచి అని చెప్పింది. ఎందుకు చెప్పలేదంటే, మీ బావ అంత ఇష్టంగా పెడుతుంటే బందు చెయ్యమని ఎట్లా అనాలని నా చెవిలో అన్నది. ఆయనకు వినిపించింది. మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు.

"అయితె నేను గంతదూరం పోయి, అందరు నవ్వంగ కింద పండి, కొనుక్కొచ్చింది అద్దమా?"

"మంచిదే తెచ్చినవ్ తియ్" అన్నది అక్క. "గింత పెద్దద్దం యాడ దొరుకుతది?"

"చెప్పితి గద, అండ్ల నేను కనవడ్తానని" అన్నది ఖాలమ్మ.

ఆటోను పంపించేశాం. అక్క ఆ రోజు ఇంకోసారి చాయ్ అడిగి తాగింది.

మరునాడు పొద్దున బావ పనికి పోకుండా టీవీ బల్ల దగ్గర నిలబడ్డాడు. నా తరం వాళ్లందరూ ఇంటి కప్పు మీది యాంటెనా తిప్పినవాళ్లే, పైనుంచి ఒకరు వచ్చిందా అని అరిస్తే కింది నుంచి ఒకరు ఇంకొంచెం, ఇంకొంచెం, ఆ, పోయింది అని అరిచిన రోజులు అందరికీ తెలుసు. బావ ఆ టీవీని అట్లా తిప్పాడు. బల్ల కాలి కింద అట్టముక్క పెట్టి, వచ్చిందా అని అడిగేవాడు. అక్క లోపలి నుంచి, నల్లా సగమే వచ్చింది, జర ఎడమకు, ఇంకొంచెం, ఎక్కువైంది అని చెప్పేది. చివరికి దర్వాజ, నల్లా, ఎదురింటి సాయమాను మూడూ వచ్చే చోట నిలిపి, కదలకుండా ఇటుకముక్కలు పెట్టాడు.

ఆడవాళ్లు మళ్లీ ముందింట్లోకి వచ్చారు. అద్దంలో అక్కకు మనం కనిపిస్తున్నామంటే, మనకూ అక్క కనిపించాలి కదా అని వాళ్లకు తోచింది. నడిమింట్లో లైటు వేస్తే నిజంగానే ఆమె ముఖం కనిపించేది. అందుకని వచ్చేవాళ్లు గడప ఎక్కగానే నడిమింటి వైపు కాక టీవీ వైపు తిరిగి, అక్కా బాగున్నావా అనేవాళ్లు. కొత్తవాళ్లు చూస్తే వీళ్లకు పిచ్చి అనుకునేవాళ్లు. ఖాలమ్మ గడప పక్కన కూర్చుని, ఆకు చుడుతూ అద్దంలోకి చూసి మాట్లాడేది. అక్క దిండు మీది నుంచి అద్దంలోకి చూసి జవాబు చెప్పేది. తోపుడు బండి మీద వంకాయలు ఎట్లా ఉన్నాయో అక్కే చెప్పేది, ఎవరి బిందె నిండి పొర్లుతున్నదో కేకేసేది, ఎవరి కోడలు కొత్త చీర కట్టిందో మొదట ఆమెకే తెలిసేది. సీరియల్ పొద్దు గూకాక పెట్టేవాళ్లు. మధ్యాహ్నం ఎవరైనా టీవీ పెట్టబోతే, బందు వెట్టుండ్రే, నేను సూత్తాన అని అక్క అరిచేది.

ఎముక అతకలేదు. ఆ సంగతి చెప్పకపోతే ఇది నిజం కాదు. ఆమె లేచి నడవలేదు. రెండో వర్షాకాలం దాకా ఉంది, ఉన్నన్ని రోజులూ మనుషుల మధ్య ఉంది. ఒక పొద్దున నిద్రలోనే పోయింది. అప్పుడే ముందింట్లోకి తెచ్చాం.

ఆ తరువాత కొన్ని వారాలపాటు ఆడవాళ్లు అలవాటు కొద్దీ గడప ఎక్కి టీవీ వైపు చూసి ఆగిపోయేవాళ్లు. బావ పనికి పోవడం మానేసి నడిమింట్లో అక్క మంచం మీద పడుకునేవాడు. పొద్దున లేవగానే టీవీ పెట్టేవాడు. వార్తలో, పాటలో, సరుకులు అమ్మే ప్రకటనలో ఏదో ఒకటి మోగుతూ ఉండేది, కళ్లు మాత్రం వేరే ఎక్కడో ఉండేవి. ఆ చప్పుడుకు ఆడవాళ్లు రావడం తగ్గింది. ఒకనాడు నేను బడి నుంచి వచ్చి, ఎవలు సూత్తాండ్లని బావా, బందు వెట్టరాదా అన్నాను. ఆయన నన్ను పంతులమ్మా అని పిలిచేవాడు, ఎగతాళిగానే మొదలైంది, తరువాత అదే పేరయింది.

"బందు వెడితె వాకిలి కనవడ్తది పంతులమ్మా" అన్నాడు. "ఎవలెవలో వత్తాంటరు, పోతాంటరు. నాకు వాళ్లతోని ఏం మాట్లాడాల్నో తెల్వది."

కొన్నేళ్లకు ఆయనా పోయాడు. మా అక్క కూతురు ఇల్లు అమ్మేసింది. నేను ఉద్యోగం అయిపోయాక హన్మకొండలో ఒక చిన్న ఇంట్లోకి మారాను. చాలా పుస్తకాలు ఉన్నాయి, చదువుతాను, చదివింది మనసులో ఇదివరకటంత నిలవడం లేదు. చేతి బీడీల పని ఆ వాడలో దాదాపు పోయిందని విన్నాను. ఉన్నా, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చుని ఫోన్ గోడకు ఆనించి పెట్టుకుని చేస్తారట. ఎవరు చూసేది వాళ్లకు. అందులో తప్పేమీ లేదు. ఒకే సీరియల్ కోసం అంతమంది ఒకచోట కూర్చోవలసిన అవసరం ఇప్పుడు లేదు.

పోయిన నెలలో, ఖాలమ్మ మంచం పట్టిందని తెలిసి ఆ వాడకు పోయాను. ఇళ్లన్నీ మేడలయ్యాయి, ప్రతి దర్వాజకూ ఇనుప గ్రిల్లు, పగటిపూట కూడా మూసే ఉన్నాయి. ఖాలమ్మ కొడుకు కట్టుకున్న కొత్త ఇంటి తలుపు పక్కన గంట నొక్కాను. కాసేపటికి గోడలోంచి ఒక ఆడగొంతు పలికింది. ఖాలమ్మ కోడలు. ఆమె డ్యూటీలో ఉంది, గడప దగ్గర ఎక్కడో పెట్టిన కెమెరాతో అక్కడి నుంచే ఫోన్లో నన్ను చూస్తున్నది.

"మంచిగున్నరా మేడం? అత్తమ్మ లోపట పండుకున్నది, లేవది. నేను పొద్దుగూకినంక వస్త, అప్పుడు రాండ్రి" అన్నది.

బాగున్నానమ్మా అనాలి. ఆమెకు నేను కనిపిస్తున్నాను. తలుపు మీద చూశాను, గ్రిల్లు వైపు చూశాను, పైన గోడ మూలకు చూశాను. లోపల ఏ గదిలోనో ఖాలమ్మ పడుకుని ఉంది, గడప దాకా ఎవరు వచ్చిందీ ఆమెకు తెలియదు. ఎటు చూసి మాట్లాడాలో తెలియక కాసేపు అక్కడే నిలబడ్డాను.